బిల్లులో లేని పని

మా నర్సింగ్ హోంలో డిశ్చార్జి రోజు చేతికిచ్చే బిల్లులో బెడ్డు చార్జీ నుంచి దూది దాకా అన్నీ ఉంటాయి. డాక్టరు విజిట్లు, ఆక్సిజన్, కాన్యులా, యూరిన్ పైపు, సెలైన్లు, సూదులు. నేను చేసే పని మాత్రం అందులో ఎక్కడా కనిపించదు. పెట్టిన పైపు తీయించడం, చేతికి ఎక్కించిన కాన్యులా అక్కర తీరగానే పీకేయడం, ఐదో రోజు కూడా నడుస్తున్న యాంటీబయాటిక్‌ను ‘ఇంకెందుకు సార్’ అని అడగడం, ఒక మంచం దగ్గరి మగ్గు ఇంకో మంచం దగ్గరికి పోకుండా ఆపడం – ఇదీ నా పని. పెట్టినదానికి పైసలు వస్తాయి, తీసేసినదానికి రావు. కరీంనగర్‌లో సివిల్ హాస్పిటల్ రోడ్డు, మంకమ్మతోట చుట్టుపక్కల ఇన్ని ప్రైవేటు దవాఖానలున్నా ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అనే మనిషి చాలాకాలం ఎందుకు లేదో తెలియాలంటే ఈ ఒక్క లెక్క చాలు.

నేను జీఎన్‌ఎం చదివిన స్టాఫ్ నర్సుని. మొదట ఆదిలాబాద్‌లో చేశాను, పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చాను. మా దవాఖానకు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలని, లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీలతో పేచీ అని తెలిశాక మా సార్ నన్ను పిలిచి ఒక ఫైలు చేతికిచ్చారు. ‘రేపటి సంది ఇన్ఫెక్షన్ కంట్రోల్ నువ్వే చూసుకోవాలె’ అన్నారు. జీతం పెరగలేదు. ఫైలు మాత్రం లావైంది.

మందులకు లొంగని సూక్ష్మజీవులు మా దగ్గరికి ఎట్లా వస్తాయో చెప్తాను. పక్షవాతమో, బండి మీద నుంచి పడి తలకు దెబ్బో తగిలితే మొదట మా దగ్గరికి తెస్తారు. చెయ్యి దాటుతుందనుకుంటే రాజీవ్ రహదారి మీద 160 కిలోమీటర్లు హైదరాబాద్ తీసుకపోతారు. అక్కడ ఐసీయూలో ఉంటారు, వెంటిలేటర్ పెడతారు, పెద్ద పెద్ద మందులు పడతాయి. అమ్మిన ఎకరం పైసలు అయిపోయాక అదే మనిషి అంబులెన్సులో వెనక్కి వస్తాడు. గొంతుకు రంధ్రం, ముక్కుకు గొట్టం, మూత్రానికి పైపు, నడుము కింద పుండు. ఇంట్లోవాళ్లు ‘ఇగ ఇక్కడనే చూడుండ్రి సిస్టర్’ అంటారు. ఆ మనిషి పేగుల్లో, చర్మం మీద, ఆ పైపుల మీద క్లెబ్సియెల్లా ఉండొచ్చు, ఎసినెటోబాక్టర్ ఉండొచ్చు. అవి ఆయనకు జ్వరం తెప్పించకపోవచ్చు కూడా. పక్క మంచంలో నిన్న పిత్తాశయం ఆపరేషన్ అయిన మనిషి దగ్గరికి పోవడానికి వాటికి కావలసింది ఒక చెయ్యి మాత్రమే. ఎసినెటోబాక్టర్ అయితే పొడి మంచం కడ్డీ మీద కూడా వారాల తరబడి బతికి ఉంటుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, మందును తట్టుకునే జన్యువును ఒక బాక్టీరియా పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా అందించగలదు. కార్బపెనెమ్ అనే పెద్ద మందులను పనికిరాకుండా చేసే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ ఈ దోవలోనే ఊళ్లూ దేశాలూ దాటింది. దాన్ని మొదట గుర్తించింది స్వీడన్‌లో. ఆ పేషెంటు అంతకు ముందు మన ఢిల్లీలో దవాఖానలో చేరి ఉన్న మనిషి.

అందుకని అడ్మిషన్ కాగితంలో నేను ఒక ప్రశ్న పెట్టించాను: ‘ఈ మూడు నెలల్లో ఏయే దవాఖానల్లో ఉన్నారు?’ బీపీ, షుగరు ఉన్నాయా అని అడగడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే. ఐసీయూ నుంచి వచ్చిన మనిషికి చివరి గది. వేరే బీపీ పట్టా, వేరే థర్మామీటరు, వేరే స్టెతస్కోపు. ఆ గదికి గుమ్మంలోనే చేతులకు రుద్దుకునే మందు సీసా. మా సార్‌కు మొదట ఇది నచ్చలేదు. ‘గది అంటే ప్రైవేటు రూము రేటు కదా, వాళ్లు కట్టగలరా’ అన్నారు. చివరికి జనరల్ వార్డు రేటుకే ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆయన మంచితనం అందులో ఉంది, అంతకు ముందు నెల వార్డులో ఒకరి తర్వాత ఒకరికి పుండ్లు చీము పట్టిన భయమూ ఉంది.

చేతుల సంగతి అందరికీ తెలిసిందే అనిపిస్తుంది. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేస్తున్న డాక్టర్లను క్లోరిన్ సున్నపు నీళ్లలో చేతులు కడగమన్నాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు ఆయన మాటను లెక్కచేయలేదు. మా దగ్గర మాట వినకపోవడం లేదు, వినీ మరిచిపోవడం ఉంది. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన బృందంలో కొవిడ్ బయటపడి కరీంనగర్ పేరు దేశమంతా మోగినప్పుడు మా వార్డులో చేతి మందు సీసాలు రోజూ ఖాళీ అయ్యేవి. కొవిడ్ పోయాక అవే సీసాలు నెల తిరిగినా నిండుగా ఉన్నాయి. చేతులు ఎవరు రుద్దుకుంటున్నారో చూడటానికి నేను వెంటపడి తిరగను. నెలాఖరుకు ఎన్ని సీసాలు ఖర్చయ్యాయో స్టోరు పుస్తకం చూస్తే చాలు.

కష్టమంతా గ్లోవ్స్‌తో. తొడుక్కున్న గ్లోవ్స్‌తోనే ఒక నర్సు నాలుగు మంచాలు తిరిగి వస్తుంది. అవి ఆమెకు రక్షణ, పేషెంట్లకు మాత్రం కాదు. వట్టి చేతులైతే తడి తగిలినప్పుడు కడగాలనిపిస్తుంది, రబ్బరు తొడుగుంటే అదీ అనిపించదు. నేను గ్లోవ్స్ పెట్టె వార్డు మధ్యలోంచి తీసేసి డ్రెస్సింగ్ ట్రాలీ మీద పెట్టించాను. పెద్ద గొడవైంది. ‘మాకేమైనా అంటుకుంటే ఎవరు చూస్తరు’ అన్నారు. రక్తం, చీము, మూత్రం తగిలే పనికైతే ఎన్నైనా తీసుకోవచ్చు, నాడి చూడటానికీ మందుబిళ్ల ఇవ్వడానికీ అక్కర లేదని చెప్పాను. ఇప్పటికీ సగమే విన్నారు.

ఇక గాజులు. పుస్తకాల్లో మోచేతి కింద ఏమీ ఉండొద్దని ఉంటుంది. ఉంగరం, వాచీ, గాజులు, దారం అన్నీ తీసేయాలి. మా సీనియర్ ఆయాతో ఈ మాట అంటే ఆమె నా మొహం చూసి, ‘నా మొగడు బతికుండంగ గాజులు తియ్యమంటవా సిస్టర్? గదేం మాట?’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నా చేతికీ గాజులున్నాయి మరి. బతుకమ్మ పండుగ దగ్గర పడితే ఇంకా ఎక్కువ. చివరికి మాలో మేమే ఒక ఒప్పందానికి వచ్చాం. ఆపరేషన్ థియేటర్ (ఓటీ) లోకి పోయేవాళ్లు మాత్రం తప్పకుండా తీయాలి. బట్టలు మార్చుకునే గదిలో అమ్మవారి ఫోటో కింద మేకు కొట్టించాం. గాజులు అమ్మవారి దగ్గర పెట్టి పోతున్నామంటే ఎవరికీ తప్పనిపించలేదు. వార్డులో పనిచేసేవాళ్లు మట్టి గాజులు ఇంట్లో ఉంచి, ఒకటో రెండో సన్న గాజులను మోచేతి వైపు తోసి ప్లాస్టరు అంటించుకుంటారు. మణికట్టుకు నీళ్లు తగలాలి, అదే షరతు. ఎన్‌ఏబీహెచ్ వాళ్లు వచ్చి చూస్తే దీనికి మార్కులు వేయరు. కానీ ‘గాజులు ఉండొద్దు’ అని గోడకు అంటించి అందరి చేతులకూ గాజులున్న వార్డు కంటే నాకు ఇదే నయమనిపిస్తుంది.

మగ్గు సంగతి నేను పుస్తకంలో చూసి పట్టుకోలేదు, వార్డులో తిరుగుతుంటే కంటపడింది. పొద్దున ఆయా ఒక ప్లాస్టిక్ మగ్గు పట్టుకొని యూరిన్ బ్యాగులన్నీ వరుసగా ఖాళీ చేసుకుంటూ పోతుంది. బ్యాగు మూతి మగ్గు అంచుకు తగులుతుంది, ఆ తర్వాతి బ్యాగు మూతీ అదే అంచుకు తగులుతుంది. ఒక్కరి మూత్రంలో గట్టి పురుగు ఉంటే మిగతా అందరికీ పొద్దున ఆరు గంటలకల్లా పంపకం అయిపోతుంది. ఇప్పుడు పైపు ఉన్న ప్రతి మంచానికీ ఒక మగ్గు, మీద మార్కరుతో బెడ్డు నెంబరు. ఖర్చు మహా అయితే కొన్ని వందల రూపాయలు. బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందనే ఉండాలి, నేలకు మాత్రం తగలొద్దు. ఈ రెండు మాటలూ ఆయాల కంటే ఎక్కువగా అటెండెంట్లకే చెప్పాలి. స్కానింగ్‌కు తీసుకపోతూ బ్యాగును పేషెంటు పొట్ట మీద పెట్టేది వాళ్లే.

అసలు పైపు అక్కరలేకపోతే తీసేయాలి. మూత్రం పైపు ఉన్నంతకాలం రోజుకు 3 నుంచి 7 శాతం మందికి కొత్తగా మూత్రంలో బాక్టీరియా చేరుతుందని లెక్క. నెల దాటితే దాదాపు అందరికీ ఉంటుంది. ఇక్కడే ఒక పొరపాటు అందరూ చేస్తారు. పైపు ఉన్న మనిషి మూత్రం బాక్టీరియా పెంచి చూసే కల్చర్‌కు పంపితే ఏదో ఒక పురుగు రానే వస్తుంది. జ్వరం లేదు, వణుకు లేదు, మనిషి బాగానే ఉన్నాడు, అయినా రిపోర్టులో పురుగు ఉందని యాంటీబయాటిక్ మొదలుపెడతారు. పురుగు చావదు, ఇంకా మొండిదవుతుంది. ఏ బాధా లేని మనిషి పైపు మూత్రాన్ని కల్చర్‌కు పంపవద్దని నేను డ్యూటీ డాక్టర్లతో వాదిస్తుంటాను. వాళ్లు చిన్నవాళ్లు, రాత్రి ఒంటరిగా ఉంటారు. ఏమీ చేయలేదని రేపు ఎవరైనా అంటారేమోనన్న భయం వాళ్లది.

ఆ భయం పెట్టేవాళ్లలో గల్ఫ్ కొడుకులు ముందుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లలో ముసలివాళ్లు ఒక్కరే ఉంటారు, కొడుకులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. అవ్వ కిందపడి తుంటి విరిగితే పక్కింటాయన తెచ్చి చేర్పిస్తాడు. చూసుకునేవాళ్లు లేరు కాబట్టి దవాఖానే ఇల్లయిపోతుంది, వారాలు గడుస్తాయి. లేపి నడిపించేవాళ్లు లేరు కాబట్టి పైపు తీయరు. రాత్రి పది దాటాక వీడియో కాల్ వస్తుంది. ‘సిస్టర్, పైసల ఫికరు చెయ్యకుండ్రి. మా అవ్వకు పెద్ద మందే వెయ్యుండ్రి.’ ఆయనకు నేనేం చెప్పాలి? అవ్వకు కావలసింది పెద్ద మందు కాదు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పే మనిషి, పైపు తీశాక బెడ్‌పాన్ పెట్టే మనిషి. మెరోపెనెమ్ కొనడానికి దుబాయి నుంచి పైసలు వస్తాయి, మనిషి రాడు. ఒకసారి ఒక కొడుకుతో ఈ మాటే అన్నాను: ‘ఆ మందు పైసలతోని ఒక ఆడమనిషిని కూలికి పెట్టు తమ్మీ, పగలు పూట మీ అవ్వ దగ్గర కూసుంటది.’ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఊళ్లో ఉన్న మేనత్తను పంపాడు. రెండు రోజుల్లో పైపు తీశాం.

కాన్పుల వార్డు వేరే కథ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో చేసిన లెక్క ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 81.5 శాతం. కరీంనగర్ జిల్లా మొత్తంగానే 80 శాతం దాటింది. అన్ని కోతలుంటే అన్ని కుట్లు, అన్ని కుట్లకూ అన్ని సూదులు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కోత పెట్టడానికి ముందు గంటలోపు ఒక్క డోసు సెఫజోలిన్ పడితే చాలు. కత్తి పడే సమయానికి మందు రక్తంలో ఉండాలి, అంతే. మా దగ్గర అలవాటు ఏమిటంటే కోతకు ముందు డోసు ఒక్కోసారి మరిచిపోతారు, తర్వాత ఐదు రోజులు పొద్దున సాయంత్రం మోనోసెఫ్ సూది, ఇంటికి పోతూ ఇంకో ఐదు రోజుల గోలీలు. ఆ పది రోజుల మందు కుట్టును కాపాడదు. కడుపులోని మామూలు బాక్టీరియాను చంపి, లొంగని వాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. మా గైనకాలజిస్టు మేడంకు ఇవన్నీ నాకంటే ఎక్కువ తెలుసు. ‘ఒక్క కుట్టు పగిలినా ఊరంతా నా పేరే చెప్తరు’ అంటారామె, అది అబద్ధం కాదు. ఇప్పుడు మత్తు డాక్టరే కోతకు ముందు డోసు వేసి, టైము ఓటీ బోర్డు మీద రాస్తారు. తర్వాతి సూదులు ఐదు రోజుల నుంచి ఒక రోజుకు దిగాయి. సున్నాకు ఇంకా రాలేదు.

అయితే కుట్లు చీము పట్టడానికి అసలు కారణం చాలాసార్లు మందు కాదు, ముహూర్తం. పంచాంగం చూసి మంచి ఘడియలో బిడ్డను తీయమనే ఇళ్లు మా ప్రాంతంలో తక్కువేమీ కాదు. మంచి రోజు వచ్చిందంటే ఓటీ ముందు వరుస. ఉన్న పనిముట్ల సెట్లు సరిపోవు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో పెట్టాల్సినంత సేపు పెట్టి, తర్వాత ఆరనివ్వాలి. ఘడియ దాటిపోతుందని బయట మామయ్య గడియారం చూస్తుంటే టెక్నీషియన్ తడి మూటనే బయటికి లాగుతాడు. తడి బట్ట గుండా సూక్ష్మజీవి సులభంగా లోపలికి పోతుంది, అందుకని తడి మూట అంటే శుద్ధి కాని మూట కిందే లెక్క. ఇంకో రెండు సెట్లు కొనమని మా సార్‌ను ఏడాది పాటు అడిగాను. కొన్నాక తడి మూట వస్తే వెనక్కి పంపే హక్కు ఓటీ నర్సుకిచ్చాం. మొదటిసారి పంపినప్పుడు ఆ కాన్పు ముహూర్తానికి పావుగంట లేటైంది. బిడ్డ తాత చాలా కోప్పడ్డాడు. నేనైతే ఆ నర్సును మెచ్చుకున్నాను.

ఫార్మలిన్ పొగ పెడితే చాలు అనుకునే నమ్మకం ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. శనివారం రాత్రి ఓటీకి పొగ, సోమవారం పొద్దున కళ్లు మండుతూ ఆపరేషన్లు. సబ్బు నీళ్లతో, తర్వాత క్రిమినాశక మందుతో కడ్డీలు, బల్లలు తుడిస్తే పొగ అక్కర లేదు. తుడవడానికి మనిషి కావాలి, పొగకైతే వద్దు. అందుకే పొగ మీద అంత ప్రేమ.

చిన్న చిన్నవి ఇంకా ఎన్నో. కాన్యులా కడగడానికీ, పొడి మందు కలపడానికీ ఒకే పెద్ద సెలైన్ సీసా పెట్టుకొని దాని మూతకు సూది గుచ్చి రోజంతా అట్లాగే ఉంచడం. ఆక్సిజన్ బుడగల సీసాలో నల్లా నీళ్లు పోయడం. పొద్దున తడిపిన స్పిరిట్ దూదిని సాయంత్రం దాకా మూత లేని డబ్బాలో వాడటం. సబ్బు సీసా అయిపోతే కడగకుండా మళ్లీ అందులోనే నింపడం. వీటిలో దేనికీ మెషిన్లు అక్కర లేదు. చిన్న పది మిల్లీ లీటర్ల నీళ్ల బుడ్డీలు, మరగబెట్టి చల్లార్చిన నీళ్లు, మూత ఉన్న డబ్బా ఉంటే చాలు.

కల్చర్ చేయించమంటే పేషెంటు తరఫువాళ్లు మొహం చిట్లిస్తారు. మూడు రోజులకు వచ్చే కాగితానికి పైసలెందుకు, ఆ పైసలతో ఇంకో సూది వేయొచ్చు కదా అని. మా దగ్గర మైక్రోబయాలజీ ల్యాబ్ లేదు. శాంపిల్ కలెక్షన్ సెంటర్ ద్వారా సాయంత్రం బండిలో హైదరాబాద్ పోతుంది, రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. శాంపిల్ ఎప్పుడు తీశామన్నదే అసలు ప్రశ్న. మొదటి యాంటీబయాటిక్ పడ్డాక తీస్తే ఏమీ పెరగదు, బ్యాగులోంచి తీస్తే అన్నీ పెరుగుతాయి. రిపోర్టులో ‘ఆర్’ అని, అంటే ఆ మందుకు లొంగదని, వరుసగా వస్తుంటే డ్యూటీ డాక్టరు కొలిస్టిన్ మాట ఎత్తుతాడు. ఆ మందుతో కిడ్నీలు దెబ్బతింటాయని ఒకప్పుడు పక్కన పెట్టేశారు, ఇప్పుడు వేరే గతి లేక మళ్లీ బయటికి తీశారు. అదే మందును కోళ్ల దాణాలో పెరుగుదల కోసం కలిపేవాళ్లు. మన ప్రభుత్వం దాన్ని 2019లో నిషేధించింది. మనుషుల చివరి మందు కోళ్లకు మొదటి తిండిగా పోయింది. ఇక పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో రాశారు. ప్రపంచానికి మందులు చేసిచ్చే నేలలోనే మందులు పనిచేయకుండా పోతున్నాయి.

మందుల అమ్మకానికి చట్టం లేదా అంటే ఉంది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్-1 అమల్లో ఉంది. సెఫలోస్పోరిన్లలో పై తరం మందులు, కార్బపెనెమ్‌లు అమ్మితే మెడికల్ షాపులో వేరే రిజిస్టరు పెట్టి, రాసిన డాక్టరు పేరు, కొన్న పేషెంటు పేరు రాయాలి, ఆ పుస్తకం మూడేళ్లు దాచాలి. కింద అంతస్తులోని షాపు రిజిస్టరు నేను నెలకోసారి చూస్తాను. రాసిన చేతిరాతంతా ఒకేలా, ఒకే పెన్నుతో ఉంటే ఒక్క రోజే కూర్చొని నింపారని అర్థం.

ఆదిలాబాద్‌లో పనిచేసినప్పుడు ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు మా దగ్గరికి చేరేసరికే చాలా మందు పడి ఉండేది. వానకాలం జ్వరాలప్పుడు ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్, ఒక సూది. తగ్గకపోతే మండలంలో ఇంకో సూది. తర్వాత ఇంకోచోట మూడోది. సీసాల పేర్లు ఎవరికీ తెలియవు. ‘తెల్ల మందు’, ‘మంట పెట్టే మందు’ అని చెప్పేవాళ్లు. ఆర్‌ఎంపీలను తిట్టడం తేలిక. రాత్రి పూట ఆ గూడేలలో పిలిస్తే పలికేది వాళ్లే. పైగా ఇక్కడ మా నర్సింగ్ హోంలకు పేషెంట్లను పంపేదీ వాళ్లే. అందుకే మా సార్‌లెవరూ వాళ్లతో గట్టిగా మాట్లాడరు. నేను మాత్రం ఫోన్లో ఒక్కటే అడుగుతాను: ‘అన్నా, ఏం సూది ఇచ్చినవో సీసా ఫోటో తీసి పంపు.’ మొదట్లో భయపడ్డారు, కేసు పెడతానేమోనని. ఇప్పుడు కొందరు పేషెంటు బయల్దేరకముందే ఫోటో పంపుతున్నారు.

పోయిన వానకాలం ధర్మపురి వైపు నుంచి ఒక ఆర్‌ఎంపీ ఫోన్ చేశాడు. ఆయన పంపిన ముసలమ్మకు మూత్రంలో ఏ పురుగు వచ్చిందని అడిగాడు. ఇట్లా అడిగిన ఆర్‌ఎంపీని నేను అంతకు ముందు చూడలేదు. ఎందుకని అడిగితే, ‘మా ఊర్లె ఇంకిద్దరికి గట్లనే ఉన్నది సిస్టర్, నేనిచ్చే సూదికి తగ్గుతలేదు’ అన్నాడు. ఇంకో సూది వేయకముందే మూత్రం పట్టి, ఐసుముక్కల కవర్లో పెట్టి పంపమన్నాను. మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికి రెండు సీసాలిచ్చి పంపాడు. ఒకదాని మూత సరిగ్గా బిగించక సగం కారిపోయింది, దాన్ని పారేశాను. రెండోది సాయంత్రం బండికి అందింది.